ఎస్‌జీపీటీ పక్కన "హెచ్" పడితే: ఎంజైముల రిపోర్టు చదివే పద్ధతి

"ఎస్‌జీపీటీ 78 వచ్చింది, లివర్ పాడైనట్టేనా?" ల్యాబ్‌లో పనిచేసే మాలాంటివాళ్లను జనం పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఎస్‌జీపీటీ, దాని జంట ఎస్‌జీఓటీ లివర్ కణాల్లో ఎక్కువగా ఉండే ఎంజైములు. ఇప్పుడు రిపోర్టు నేరుగా ఫోన్‌కే వస్తోంది. డాక్టరు చూసేలోపే అంకె కనబడుతుంది, పక్కన ఎర్రగా "హెచ్" (హై, అంటే హద్దు కన్నా ఎక్కువ) కనబడుతుంది, ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఇంకోవైపు, నిజంగా పరుగెత్తాల్సిన రిపోర్టు చేతిలో ఉన్నా "అంకె తగ్గిందిగా" అని ధీమాగా ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకం వాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఒక్క అంకెను బట్టి రోగం పేరు చెప్పలేం. ఎన్ని రెట్లు పెరిగింది, దాంతోపాటు ఇంకేం పెరిగింది, రోజులు గడిచేకొద్దీ ఎటు నడుస్తోంది అన్న మూడూ కలిపి చూడాలి. కింది పద్ధతి అందుకే. దీంతో మీరు ఇంట్లో రోగ నిర్ధారణ చేసుకోలేరు. డాక్టరును ఏం అడగాలో, ఎప్పుడు ఆగొచ్చో, ఎప్పుడు ఆగకూడదో మాత్రం తెలుస్తుంది.

ముందుగా: ఇవి ఉంటే ఇది చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి

- ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి. 108కి ఫోన్ చేయండి. ముందు ఈసీజీ, తర్వాతే రక్త పరీక్ష.
- కామెర్లతోపాటు మత్తుగా పడుకోవడం, తికమకగా మాట్లాడటం, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం.
- పురుగుమందు తాగినా, పిచికారీ చేస్తూ పడిపోయినా. నోట్లో నురగ, కంటిపాపలు చిన్నవైపోవడం, ఒళ్లంతా చెమట దీని గుర్తులు.
- పై కడుపులో భరించలేని నొప్పి వీపులోకి దూసుకుపోతూ, వాంతులు ఆగకపోవడం.
- గర్భిణికి అయిదో నెల దాటాక బీపీ, తలనొప్పి, కుడి పక్కటెముకల కింద నొప్పి. ఈ స్థితిలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గాయంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. తెల్లారేదాకా ఆగొద్దు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రిపోర్టు మొత్తం. "హెచ్" ఉన్న పేజీ ఒక్కటే చాలదు.
- పాత రిపోర్టులు ఉంటే అవి. రెండేళ్ల కిందటివైనా పనికొస్తాయి.
- అదే సమయంలో చేయించిన సీబీపీ (రక్తకణాల లెక్క). ప్లేట్‌లెట్ల సంఖ్య కావాలి.
- మూడు నెలలుగా వాడిన మందులన్నిటి చీటీ. నాటుమందులు, పసర్లు, చూర్ణాలు, జిమ్ పౌడర్లు, నొప్పిబిళ్లలు అన్నీ రాయండి.
- రక్తం ఇచ్చిన తేదీ, వేళ. జబ్బు మొదలై అప్పటికి ఎన్ని రోజులైందో కూడా.
- ఫోన్‌లో క్యాలిక్యులేటర్.

పేర్ల గందరగోళం ఇక్కడే తేల్చుకోండి. ఏఎల్‌టీ అన్నా ఎస్‌జీపీటీ అన్నా ఒకటే. ఏఎస్‌టీ, ఎస్‌జీఓటీ ఒకటే. సీకే, సీపీకే ఒకటే, అది కండల ఎంజైము. సిద్ధాంతం కూడా ఇంతే చాలు: ఎంజైములు మామూలుగా కణాల లోపల ఉండి పనిచేస్తాయి. కణం దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. ఏ అవయవంలో ఏ ఎంజైము ఎక్కువో తెలుసు కాబట్టి, రక్తంలో దేని మోతాదు పెరిగిందో చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో ఊహిస్తాం.

1. శాంపిల్‌ను నమ్మొచ్చా చూడండి

అంకె గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

రిపోర్టు అడుగున "హీమోలైజ్డ్" అన్న మాట ఉందా? రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికాయని దాని అర్థం. ఎర్రకణాల్లో ఎల్‌డీహెచ్ (దాదాపు అన్ని కణాల్లో ఉండే ఎంజైము), ఎస్‌జీఓటీ బాగా ఉంటాయి కాబట్టి ఆ రెండూ, వాటితోపాటు పొటాషియం, లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. ఆ రిపోర్టును పట్టించుకోకుండా మళ్లీ రక్తం ఇవ్వండి.

వారం లోపల బరువులు ఎత్తారా, కొత్తగా జిమ్‌లో చేరారా, కొండ మెట్లెక్కి తిరుమల వెళ్లొచ్చారా? ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర పిరుదుకో భుజానికో ఇంజెక్షన్ చేయించుకున్నారా? సూది కండలోకి దిగితే సీపీకే పెరుగుతుంది. గట్టి వ్యాయామం తర్వాత సీపీకేతోపాటు ఎస్‌జీఓటీ, కొంత ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి. వారం విశ్రాంతి తీసుకుని మళ్లీ చేయించండి.

ఏఎల్‌పీ (పైత్యనాళాల్లో, ఎముకల్లో ఉండే ఎంజైము) మాత్రం విచిత్రంగా బాగా తక్కువ వచ్చిందా? ఊదా మూత ట్యూబులో తీసిన రక్తం పొరపాటున ఈ పరీక్షకు వాడితే అలా జరుగుతుంది. ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ, ఏఎల్‌పీకి కావాల్సిన జింకునూ మెగ్నీషియాన్నీ లాగేసుకుంటుంది. అదే శాంపిల్‌లో కాల్షియం కూడా బాగా పడిపోయి, పొటాషియం విపరీతంగా పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది. ల్యాబ్‌ను నిలదీసి అడగండి, అది మీ హక్కు.

ఇంకో సంగతి. నార్మల్ రేంజ్ అంటే ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది పడే హద్దు. అంటే ఏ జబ్బూ లేని ఇరవై మందిలో ఒకరికి ఒక పరీక్ష హద్దు దాటి రావడం సహజం. అందుకే ఏ లక్షణమూ లేకుండా ఎల్‌డీహెచ్, ఎమైలేజ్ (క్లోమం ఎంజైము) కూడా కలిపి పెద్ద ప్యాకేజీలు చేయించొద్దంటాను. డబ్బు పోతుంది, భయం మిగులుతుంది.

2. అంకెను రెట్లలోకి మార్చండి

మీ అంకెను, అదే రిపోర్టులో దాని ఎదురుగా ఉన్న పైహద్దుతో భాగించండి. ఎస్‌జీపీటీ 78, పైహద్దు 40 అయితే దాదాపు రెండు రెట్లు. ఇంకో ల్యాబ్ పైహద్దు 56 అయితే అదే 78 ఒకటిన్నర రెట్లు కూడా కాదు. పద్ధతిని బట్టీ యంత్రాన్ని బట్టీ హద్దులు మారతాయి. ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ హద్దుతో పోల్చడం తరచూ జరిగే తప్పు.

స్థూలంగా ఇలా చూడండి:

- రెండు రెట్ల లోపు: తొందర లేదు. ఎక్కువసార్లు ఫ్యాటీ లివర్, మద్యం, ఏదో ఒక మందు.
- రెండు నుంచి అయిదు రెట్లు: కారణం వెతకాలి, రెండు మూడు వారాల్లో మళ్లీ చూడాలి.
- పది రెట్లు దాటితే: లివర్‌కు కొత్తగా గట్టి దెబ్బ తగిలింది. హెపటైటిస్ ఏ, ఈ, బీ వైరస్‌లు, మందుల విషం ముందు అనుమానించాల్సినవి. రెండు రోజుల్లోపే డాక్టరును కలవండి.
- వేలల్లో ఉంటే: వైరస్, పారాసెటమాల్ మోతాదు మించడం, బీపీ పడిపోయి లివర్‌కు రక్తం అందకపోవడం. ఇది ఆసుపత్రి పని.

పారాసెటమాల్ గురించి ఒక హెచ్చరిక. 650 బిళ్లలు రోజుకు ఆరు వేసుకుంటే పెద్దవాళ్ల గరిష్ఠ హద్దు 4 గ్రాములకు దగ్గరికి వచ్చేసినట్టే. జలుబు బిళ్లల్లో కూడా అదే మందు ఉంటుంది. రెండూ కలిపి లెక్కేయండి. మద్యం అలవాటున్నవాళ్లకు, తిండి సరిగా తిననివాళ్లకు ఇంతకన్నా తక్కువ మోతాదే చేటు చేయొచ్చు.

పైహద్దు పిల్లలకు వేరు. ఎదిగే పిల్లల ఎముకల నుంచి ఏఎల్‌పీ వస్తుంది కాబట్టి వాళ్లకు పెద్దవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. కొన్ని ల్యాబ్‌లు పెద్దవాళ్ల హద్దే ముద్రించి పన్నెండేళ్ల పిల్లవాడి రిపోర్టు మీద "హెచ్" వేస్తాయి. గర్భిణులకు చివరి నెలల్లో మాయ నుంచి ఏఎల్‌పీ వస్తుంది, రెట్టింపైనా కంగారు లేదు. అయితే గర్భిణికి అరిచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టి ఎస్‌జీపీటీ కూడా పెరిగితే బైల్ యాసిడ్ల (పైత్యరసంలోని ఆమ్లాల) పరీక్ష అడగండి.

3. ఏ జట్టు పెరిగిందో చూడండి

లివర్ రిపోర్టులో రెండు జట్లు ఉంటాయి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివర్ కణాల దెబ్బను చూపిస్తాయి. ఏఎల్‌పీ, జీజీటీ పైత్యరసం దారిలో అడ్డును చూపిస్తాయి. ఏది ఎక్కువో తేల్చడానికి చిన్న లెక్క: ఎస్‌జీపీటీ ఎన్ని రెట్లో దాన్ని ఏఎల్‌పీ ఎన్ని రెట్లో దాంతో భాగించండి.

ఒక ఉదాహరణ. ఎస్‌జీపీటీ 820, పైహద్దు 40 అంటే 20.5 రెట్లు. ఏఎల్‌పీ 150, పైహద్దు 120 అంటే 1.25 రెట్లు. 20.5ను 1.25తో భాగిస్తే 16 పైన. జవాబు 5 లేదా ఆపైన వస్తే దెబ్బ లివర్ కణాలకే. మరో రిపోర్టులో ఎస్‌జీపీటీ 96, ఏఎల్‌పీ 420 అయితే 2.4ను 3.5తో భాగించాలి, 0.7 వస్తుంది. 2 లేదా అంతకు లోపు వస్తే పైత్యరసం దారిలో చిక్కు. రాళ్లో, గడ్డో, మందులో చూడాలి. ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. రెండుకూ అయిదుకూ మధ్య వస్తే రెండూ కలిసినట్టు.

ఈ లెక్క తప్పే సందర్భం ఒకటుంది. పిత్తాశయంలోని రాయి జారి నాళంలో ఇరుక్కున్న తొలి ఒకటి రెండు రోజుల్లో ఎస్‌జీపీటీ అమాంతం వందల్లోకి ఎగబాకి, తర్వాత వేగంగా పడిపోతుంది. ఏఎల్‌పీ ఆలస్యంగా పెరుగుతుంది. కుడిపక్క నొప్పి వచ్చిన మర్నాటి రిపోర్టు చూసి వైరస్ అనుకోవద్దు, స్కాన్ చేయించండి.

ఏఎల్‌పీ ఒక్కటే పెరిగితే జీజీటీ చేయించండి. జీజీటీ కూడా ఎక్కువగా ఉంటే లివర్ వైపు, మామూలుగా ఉంటే ఎముక వైపు చూడాలి. మన దగ్గర ఎముక నుంచి వచ్చే ఏఎల్‌పీకి తరచుగా కనిపించే కారణం విటమిన్ డి లోపం. జీజీటీ ఒక్కటే పెరిగితే మద్యం, లేదా మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు. మద్యం మానేశాక జీజీటీ సగానికి దిగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగు రోజులు మానేసి పరీక్షకు వెళితే ఏమీ మారదు.

ఎస్‌జీపీటీకి రెండింతలు దాటి ఎస్‌జీఓటీ ఉంటే మద్యం వల్ల వచ్చిన లివర్ వాపు అనుమానించాలి. అందులో ఎస్‌జీపీటీ 300 దాటడం అరుదు. దాటితే మద్యంతోపాటు ఇంకేదో తోడైందని అర్థం.

4. అసలు ఇది లివరేనా అని అడగండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. దాన్ని దాటేసినందువల్ల పిల్లలు నష్టపోతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎస్‌జీఓటీ గుండెలో, కండల్లో, ఎర్రకణాల్లో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ కూడా కండల్లో కొంత ఉంటుంది. కండ దెబ్బతింటే రెండూ పెరుగుతాయి, రిపోర్టు అచ్చం లివర్ జబ్బు లాగే కనబడుతుంది.

నాలుగైదేళ్ల మగపిల్లవాడు. జ్వరానికి చేసిన పరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ రెండు మూడు వందలు. బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మామూలే, జీజీటీ మామూలే, స్కాన్ మామూలే. నెలల తరబడి లివర్ టానిక్కులు తాగిస్తారు, అంకె తగ్గదు, చివరికి లివర్ బయాప్సీ దాకా వెళుతుంది. ఈలోపు ఎవరూ అడగని ప్రశ్నలు ఇవి: మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నాడా? నేల మీద నుంచి లేవాలంటే చేతులు తొడల మీద ఆనించుకుని లేస్తున్నాడా? పిక్కలు వయసుకు మించి లావుగా ఉన్నాయా? తోటి పిల్లలతో పరుగెత్తలేక తరచూ పడిపోతున్నాడా?

వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా, లేదా జీజీటీ, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మాత్రమే తగ్గకుండా ఉన్నా, సీపీకే చేయించండి. డుషేన్ కండరాల క్షీణత జబ్బులో సీపీకే వేలల్లో, కొన్నిసార్లు పదివేలు దాటి ఉంటుంది. ఎంత త్వరగా తెలిస్తే స్టెరాయిడ్ వైద్యం, ఫిజియోథెరపీ అంత సరైన సమయంలో మొదలవుతాయి. తల్లికి మళ్లీ గర్భం వస్తే ముందే జన్యు సలహా తీసుకునే అవకాశం ఉంటుంది. సీపీకే చిన్న పరీక్ష, బయాప్సీ కన్నా ఎంతో చవక. దాన్ని ముందు చేయమని డాక్టరును అడగడానికి మొహమాటపడొద్దు.

పెద్దవాళ్లలో కారణం తెలియకుండా సీపీకే పెరిగితే థైరాయిడ్ చూడండి. థైరాయిడ్ తక్కువైనవాళ్లకు ఇది పెరగడం చాలా మామూలు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతూ ఒళ్లు నొప్పులుంటే సీపీకే చేయించండి. పది రెట్లు దాటితే మందు ఆపాలి. సీపీకే వేలల్లో ఉండి మూత్రం కాఫీ రంగులో వస్తుంటే కిడ్నీలకు ప్రమాదం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక వర్షాకాలంలో వచ్చే ప్రశ్న డెంగీ. డెంగీలో ఎస్‌జీపీటీ కన్నా ఎస్‌జీఓటీ ఎక్కువ పెరగడం సాధారణం. మద్యం ముట్టనివాళ్లకూ అలాగే ఉంటుంది, కాబట్టి ఇంట్లోవాళ్లను అనుమానించొద్దు. రెండింట్లో ఏదైనా 1000 చేరితే డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో అది తీవ్రమైన డెంగీ. అంతకన్నా తక్కువైతే జ్వరం తగ్గిన కొన్ని వారాలకు తనంతట తానే దిగుతుంది. లివర్ టానిక్కు అక్కర్లేదు.

5. లివర్ పని చేస్తోందా అన్నది వేరే చూడండి

ఎంజైములు దెబ్బ ఎంతో చెబుతాయి. లివర్ ఎంత పని చేస్తోందో చెప్పేవి బిలిరుబిన్, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), పీటీ-ఐఎన్ఆర్ (ఇది పెరిగితే రక్తం ఆలస్యంగా గడ్డకడుతోందని అర్థం). అన్నిటికన్నా ఘోరమైన తప్పు ఈ తేడా తెలియకే జరుగుతుంది.

కామెర్లు వచ్చిన మనిషికి మొదటి రోజు ఎస్‌జీపీటీ 2400. వారానికి 300. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అదే వారంలో బిలిరుబిన్ 8 నుంచి 19కి, ఐఎన్ఆర్ 1.3 నుంచి 2.6కి వెళ్లాయనుకోండి. అంటే కారడానికి కూడా కణాలు మిగలని స్థితికి లివర్ చేరుకుంటోంది. అంకె తగ్గడం ఇక్కడ చెడు వార్త. వెంటనే లివర్ నిపుణులున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

సరి చూసుకునే పద్ధతి: ఎస్‌జీపీటీ తగ్గుతున్నప్పుడు పక్కనే ఐఎన్ఆర్ నిలకడగా ఉందా, బిలిరుబిన్ కూడా కొన్ని రోజుల తేడాతో దిగుతోందా, మనిషికి ఆకలి తిరిగొస్తోందా? మూడూ అవునైతేనే కోలుకుంటున్నట్టు.

కామెర్లకు ఆకుపసరు పోయించుకోవడం, చేతి మీద వాత పెట్టించుకోవడం మన ఊళ్లలో ఇంకా ఉంది. చాలామందికి తగ్గినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ ఎక్కువమందిలో ఏ మందూ లేకుండానే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గిపోతాయి. పసరు పడని మిగతావాళ్ల లివర్ మాత్రం రెండో దెబ్బ తింటుంది. హెపటైటిస్ ఈ గర్భిణులకు ప్రాణాంతకం కావొచ్చు, వాళ్ల విషయంలో పసరు పేరే ఎత్తొద్దు. ఇప్పటికే పోయించుకుని ఉంటే దాచకండి. ఏ ఆకు, ఎన్ని రోజులు అన్నది డాక్టరుకు చెప్పండి. తిట్టినా సరే చెప్పండి, వైద్యం దాన్నిబట్టే మారుతుంది.

6. మందు వల్లేమో చూడండి

టీబీ మందులు వాడేవాళ్లకు ఇది ముఖ్యం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను దెబ్బతీయగలవు. మొదటి నెలల్లో ఎస్‌జీపీటీ కొద్దిగా పెరగడం చాలామందిలో జరుగుతుంది, అంతమాత్రాన మందు మానేస్తే టీబీ మొండికేస్తుంది. వాడుకలో ఉన్న హద్దు ఇది: వాంతులు, ఆకలి లేకపోవడం, కామెర్లు లాంటి లక్షణాలుంటే మూడు రెట్లు, లక్షణాలు లేకపోతే అయిదు రెట్లు. దాటితే డాక్టరు మందులు ఆపి, తగ్గాక ఒక్కొక్కటే తిరిగి మొదలుపెడతారు. ఆపే నిర్ణయం మీది కాదు. కళ్లు పచ్చబడితే మాత్రం తర్వాతి డోసు వేసుకోకముందే టీబీ కేంద్రానికి వెళ్లండి.

ఏ మందైనా సరే, ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి, పైత్యరసం దారిలో అడ్డేమీ లేకుండానే బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటిందంటే ప్రమాద ఘంటిక. ఒక్క ఎస్‌జీపీటీ పెరగడం కన్నా ఈ రెండూ కలిసి పెరగడం ఎన్నో రెట్లు ప్రమాదం.

7. కొద్దిగా పెరిగి అక్కడే నిలిచిపోతే

షుగరు, పొట్ట, ట్రైగ్లిజరైడ్లు ఉన్నవాళ్లలో ఎస్‌జీపీటీ 60, 70 దగ్గర ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఎక్కువమందికి అది ఫ్యాటీ లివరే. కానీ ఆ మాట అనేముందు హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీ (హెపటైటిస్ బీ, సీ) పరీక్షలు ఒక్కసారైనా చేయించి తీరాలి. నలభై లోపు వయసువాళ్లకు కారణం దొరక్కపోతే విల్సన్ జబ్బు (లివర్‌లో రాగి పేరుకుపోయే జబ్బు) కోసం సెరులోప్లాస్మిన్ పరీక్ష అడగండి.

తర్వాతి ప్రశ్న, లివర్ గట్టిపడుతోందా అన్నది. దీన్ని మీరే లెక్క కట్టొచ్చు, పేరు ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

ప్లేట్‌లెట్ల దగ్గర అందరూ తప్పు చేస్తారు. మన రిపోర్టులో 2.0 లక్షలు అని ఉంటే లెక్కలో 200 వేయాలి. 1.45 లక్షలైతే 145.

వయసు 50, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకోండి. 50ని 48తో గుణిస్తే 2400. 64 వర్గమూలం 8, దాన్ని 200తో గుణిస్తే 1600. జవాబు 1.5. ఇది 1.3 లోపు వస్తే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 65 దాటినవాళ్లకు కింది హద్దు 2.0గా తీసుకోండి. 35 లోపువాళ్లకు ఈ లెక్క నమ్మదగ్గది కాదు. డెంగీలో, కామెర్లలో, జ్వరం మీద ఉన్నప్పుడు అసలు వేయొద్దు.

సిరోసిస్ ముదిరినవాళ్లకు ఎస్‌జీపీటీ పూర్తిగా నార్మల్‌గా ఉండొచ్చు. ఏటేటా ప్లేట్‌లెట్లు తగ్గుతుంటే "హెచ్" లేదని ఊరుకోకండి.

8. మళ్లీ ఎప్పుడు చేయించాలి

దెబ్బ ఆగిపోయాక ఎస్‌జీపీటీ సగానికి దిగడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది, ఎస్‌జీఓటీకి ఒక రోజు కూడా పట్టదు. సీపీకేకి రోజున్నర, ఏఎల్‌పీకి వారం. వారం గడిచినా ఎస్‌జీపీటీ అలాగే ఉందంటే దెబ్బ ఇంకా తగులుతూనే ఉంది. తొందర లేని కేసుల్లో మూడు, నాలుగు వారాలకు ఒకసారి చాలు. అదే ల్యాబ్‌లో, ఉదయం పూట, వ్యాయామం లేకుండా, మద్యం లేకుండా ఇవ్వండి. ఆరు నెలలు దాటి పెరిగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక జబ్బుగా తీసుకుని పూర్తిగా చూపించుకోవాలి.

లివర్ కాని రిపోర్టులు

*క్లోమం.* లైపేజ్ లేదా ఎమైలేజ్ పైహద్దుకు మూడు రెట్లు దాటాలి, తగ్గట్టు నొప్పి ఉండాలి, లేదా స్కాన్‌లో కనబడాలి. ఈ మూడింట్లో రెండుంటే క్లోమం వాపు. ఎమైలేజ్ మూడు నుంచి అయిదు రోజుల్లో దిగిపోతుంది, లైపేజ్ వారం పైన ఉంటుంది. నొప్పి మొదలై నాలుగు రోజులయ్యాక వెళితే లైపేజే అడగండి. అంకె పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు. గవదబిళ్లల్లో ఎమైలేజ్ పెరుగుతుంది, కిడ్నీ జబ్బులో రెండూ పెరుగుతాయి. ట్రైగ్లిజరైడ్లు వేలల్లో ఉన్నవాళ్లకు ఎమైలేజ్ మామూలుగా చూపించి మోసం చేయొచ్చు.

*గుండె.* 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, వ్రూబ్లెవ్‌స్కీ, కార్మెన్ గుండెపోటులో ఎస్‌జీఓటీ పెరుగుతుందని చూపించారు. రక్తంలోని ఎంజైముతో గుండెపోటును పట్టే పద్ధతికి అదే పునాది. ఇప్పుడు దానికి ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ వాడకూడదు. ట్రోపోనిన్ వాడతారు, అది ఎంజైము కాదు, గుండె కండలోని ప్రోటీన్. నొప్పి వచ్చిన గంటకే చేసి "నెగటివ్" అంటే ఇంటికి వెళ్లిపోవద్దు. కొన్ని గంటల తేడాతో రెండోసారి చేసి పోల్చాలి. సీకే-ఎంబీ (గుండె కండలో ఎక్కువగా ఉండే సీపీకే రకం) రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది కాబట్టి, ఆసుపత్రిలో ఉండగానే రెండో పోటు వచ్చిందేమో చూడటానికి ఇంకా కొన్నిచోట్ల వాడతారు.

*ఏడీఏ.* ఇది టీబీ అనుమానం ఉన్నప్పుడు చూసే ఎంజైము. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలో ఏడీఏ 40 దాటి, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువగా ఉంటే టీబీ అవకాశం ఎక్కువ. చీము పట్టినా, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) ఉన్నా అది పెరుగుతుంది. రక్తంలో ఏడీఏ చేసి టీబీ అని చెబితే ఒప్పుకోవద్దు, నీటిని తీసి పరీక్షించమనండి.

*ఎల్‌డీహెచ్.* ఇది దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది, ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేం. రక్తహీనతతోపాటు ఎల్‌డీహెచ్ వేలల్లో ఉంటే క్యాన్సరని హడలిపోకుండా ముందు బీ12 చూడండి.

తక్కువ వస్తేనే జబ్బయ్యేవి

ఇంతవరకు చెప్పినవన్నీ పెరిగితే చింత. రెండు ఎంజైములు తగ్గితే చింత.

ఒకటి కోలినెస్టరేజ్. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దీన్ని పనిచేయకుండా కట్టేస్తాయి. విషం తీసుకున్న మనిషికి రిపోర్టు కోసం ఆగకూడదు. లక్షణాలు చూసే విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెడతారు. మీరు చేయాల్సింది బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు సీసాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లడం. వాంతి చేయించొద్దు.

పత్తికీ మిరపకూ సీజనంతా పిచికారీ చేసే కూలీల విషయం వేరు. వాళ్లకు ఒక్క రిపోర్టు చాలదు, ఎందుకంటే నార్మల్ హద్దే చాలా వెడల్పు. హద్దు 5,300 నుంచి 12,900 ఉందనుకోండి. పని మొదలుపెట్టకముందు 10,500 ఉన్న మనిషికి సీజన్ మధ్యలో 5,600 వచ్చింది. రిపోర్టు మీద నార్మలే, కానీ సగం దాకా పోయింది. ఆ మనిషిని పిచికారీ నుంచి తప్పించాలి. అందుకే సీజన్‌కు ముందు ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకోండి. లివర్ జబ్బు ఉన్నా ఇది తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ఇదే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌లో మత్తుతోపాటు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడు మాత్రం, నిమిషాల్లో తగ్గాల్సిన ఆ సడలింపు గంటల తరబడి వదలదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. మీ ఇంట్లో ఎవరికైనా "ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి తీసుకోలేకపోయారు" అన్న చరిత్ర ఉంటే, పిల్లలు, తోబుట్టువులతో సహా అందరూ ఈ పరీక్ష చేయించుకోండి. రిపోర్టు తక్కువ వస్తే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. వేరే మందు వాడతారు, సమస్యే ఉండదు.

రెండోది జీ6పీడీ, ఎర్రకణాలను కాపాడే ఎంజైము. ఇది తక్కువగా ఉన్నవాళ్లకు వైవాక్స్ మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లబడుతుంది, ఒళ్లు పాలిపోతుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా తరచూ వచ్చే కుటుంబాలు పద్నాలుగు రోజుల కోర్సు మొదలుపెట్టకముందే ఈ పరీక్ష గురించి అడగాలి. మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువ. జాగ్రత్త పడాల్సిన తప్పు ఒకటుంది: ఎర్రకణాలు పగిలిన వెంటనే పరీక్ష చేస్తే రిపోర్టు నార్మల్‌గా రావొచ్చు. పాత కణాలన్నీ పోయి, ఎంజైము ఎక్కువగా ఉండే లేత కణాలే మిగులుతాయి కాబట్టి అలా జరుగుతుంది. రక్తం ఎక్కించాక చేసినా అంతే. మూత్రం నల్లబడిన చరిత్ర ఉండి రిపోర్టు నార్మల్ వస్తే, మూడు నెలలు ఆగి మళ్లీ చేయించండి. అప్పటిదాకా ప్రైమాక్విన్, డాప్సోన్ (కుష్ఠుకు ఇచ్చే మందు) వేసుకోవద్దు. ఆ మాట మందుల చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.